ఫామికామ్ తొలి క్రీడల కేసెట్లలో ముందుగా ఏది ఆడాలి: టెన్నిస్, గోల్ఫ్, బేస్‌బాల్, వాటి తోటి ఆటల పోలిక

నింటెండో సంస్థ ఫామికామ్ అనే ఇంటి ఆటల యంత్రాన్ని 1983 జులై 15న జపాన్‌లో అమ్మకానికి పెట్టింది. జపాన్ బయట అదే యంత్రం రూపం మార్చుకుని ఎన్‌ఈఎస్ అనే పేరుతో వచ్చింది. తొలి రెండేళ్లలోనే దానికోసం నింటెండో వరసగా క్రీడల ఆటలు విడుదల చేసింది. బేస్‌బాల్ 1983 డిసెంబరులో, టెన్నిస్ 1984 జనవరిలో, గోల్ఫ్ అదే ఏడాది మే నెలలో, ఎక్సైట్‌బైక్ నవంబరులో, సాకర్ 1985 ఏప్రిల్‌లో వచ్చాయి. 1990ల్లో తెలుగు ఊళ్లలో పెరిగిన చాలామందికి ఈ ఆటలు అసలు యంత్రం మీద పరిచయం కాలేదు. దాన్ని చూసి తయారుచేసిన నకలు యంత్రాల మీద, అట్ట మీద వందల సంఖ్యలో ఆటలున్నాయని రాసి లోపల అవే ఆటలు మళ్లీ మళ్లీ వచ్చే కేసెట్లలో, వరస సంఖ్య నొక్కితే తెరుచుకునే ఆటలుగా పరిచయమయ్యాయి. అప్పుడు ఎంచుకోవడం అంటూ ఏమీ లేదు, కేసెట్‌లో ఏది ఉంటే అదే ఆడాం. ఇప్పుడు ఆ ఆటలను తీరిగ్గా మళ్లీ ఆడాలనుకునేవారికీ, పిల్లలకు చూపించాలనుకునేవారికీ మాత్రం ఎంపిక ఉంది. ఏది ఎవరికి సరిపోతుందో, ఎందుకు సరిపోతుందో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పోల్చడానికి ముందు ఒక కొలత కావాలి. బొమ్మలు ఎంత బాగున్నాయి, శబ్దాలు ఎంత బాగున్నాయి అన్న కొలతతో చూస్తే ఈ ఆటల మధ్య పెద్ద తేడా కనబడదు, ఎందుకంటే అన్నిటినీ ఒకే ఇరుకు గదిలో సర్దారు. టెన్నిస్, గోల్ఫ్, బేస్‌బాల్ కేసెట్లలో ప్రోగ్రాముకు 16 కిలోబైట్లు, బొమ్మలకు 8 కిలోబైట్లు మాత్రమే ఉంటాయి. ఆట నడుస్తున్నప్పుడు లెక్కలు వేసుకోవడానికి యంత్రానికి ఉన్న జ్ఞాపకశక్తి 2 కిలోబైట్లు. అంత చోటులో ఒక క్రీడను పూర్తిగా దింపడం కుదరదు కాబట్టి, దానిలో ఏ ఒక్క నైపుణ్యాన్ని ఆటగాడి చేతికి వదలాలి, మిగతావాటిని యంత్రం ఎలా చూసుకోవాలి అన్నది తయారుచేసినవారు ముందే తేల్చుకోవలసి వచ్చింది. నా దృష్టిలో ఈ ఆటలను వేరుచేసి చూపేది ఆ నిర్ణయమే. మీ చేతికి వదిలిన పని మీకు ఇష్టమైన పని అయితే ఆ ఆట నలభై ఏళ్ల తర్వాత కూడా మిమ్మల్ని కూర్చోబెడుతుంది, కాకపోతే పది నిమిషాల్లో విసుగు పుట్టిస్తుంది.

టెన్నిస్ సంగతి ముందు చూద్దాం. ఈ ఆట మీ చేతికి వదిలింది రెండు పనులు: బంతి పడే చోటికి సమయానికి చేరడం, సరైన క్షణంలో రాకెట్ తిప్పడం. ‘ఏ’ (A) బటన్ మామూలు దెబ్బకు, ‘బి’ (B) బటన్ బంతిని ఎత్తుగా లేపి అవతలివాడి తల మీదుగా పంపడానికి. బంతి ఎటు వెళ్లాలో చెప్పే బటన్ వేరే లేదు, మీరు ఎంత ముందుగా లేదా ఎంత ఆలస్యంగా కొట్టారన్నదే దాని దిశను చాలావరకు నిర్ణయిస్తుంది. కొత్తవారు బంతిని చూస్తూ ఆడి తప్పుతారు. అలవాటైనవారు దాని కింద కదిలే నీడను చూస్తూ ఆడతారు, ఎందుకంటే చదునైన తెర మీద బంతి ఎంత ఎత్తులో ఉందో చెప్పగలిగేది ఆ నీడ ఒక్కటే. ఈ సంగతి పిల్లలకు ముందే చెప్పి ఆడించండి, మొదటి అరగంట చిరాకు తప్పుతుంది. కంప్యూటర్ ప్రత్యర్థికి 1 నుంచి 5 వరకు స్థాయిలున్నాయి. మొదటి స్థాయిలో చిన్నపిల్లలు కూడా పాయింట్లు గెలవగలరు, అయిదో స్థాయిలో పెద్దలకు కూడా చెమట పడుతుంది. ఎత్తు కుర్చీలో అంపైర్‌గా కూర్చున్నది మారియో.

టెన్నిస్ ఎంచుకునేవారు తప్పక తెలుసుకోవలసిన విషయం మరొకటి ఉంది. ఇద్దరు ఆడే పద్ధతిలో ఒకరితో ఒకరు తలపడలేరు, ఇద్దరూ ఒకే పక్షాన నిలబడి కంప్యూటర్ జంట మీద డబుల్స్ ఆడాలి. వేసవి సెలవుల్లో మా ఇంటికి మొదటిసారి యంత్రం వచ్చినప్పుడు మా తమ్ముడూ నేనూ పందెం వేసుకుని ఈ ఆట పెట్టాం. ఇద్దరి బొమ్మలూ తెర కింది భాగంలోనే పక్కపక్కన నిలబడి కనిపించేసరికి కేసెట్ పాడైందనుకుని తీసి, దులిపి, మళ్లీ పెట్టాం. మూడోసారి పెట్టాక అర్థమైంది, ఆట మమ్మల్ని ఒకే జట్టు చేసిందని. ఆ రోజు నుంచి ముందు నిలబడేది వాడు, వెనక కాచుకునేది నేను. ఇద్దరం ఒకే బంతికి పరుగెత్తి మధ్యలో ఖాళీ వదిలేసిన పాయింట్లు ఎన్నో పోయాయి, అందుకని ‘నాది’ అని ముందుగా అరిచినవాడే కొట్టాలని నియమం పెట్టుకున్నాం. పోటీ కోసం వెతుకుతున్న ఇద్దరికి ఇది లోపమే. కానీ ఓడితే ఏడ్చే వయసు పిల్లలతో కలిసి ఆడాలనుకునే తల్లిదండ్రులకు ఇంతకంటే అనువైన ఆట ఈ వరసలో లేదని నేను గట్టిగా చెప్పగలను, ఎందుకంటే ఇక్కడ గెలిచినా ఓడినా ఇద్దరికీ కలిపే.

గోల్ఫ్ ఇందుకు పూర్తిగా భిన్నమైన ఆట. దాన్ని నేను ఈ కేసెట్లన్నిటిలో ఉత్తమమైనదిగా భావిస్తాను, అందుకు కారణం ఆ క్రీడ మీద అభిమానం కాదు. తెలుగునాట గోల్ఫ్ మైదానంలో అడుగుపెట్టినవారు తక్కువే, నేనూ ఎన్నడూ పెట్టలేదు. అయినా ఈ ఆట ముందు కూర్చున్న ఎవరికైనా మూడు నొక్కుళ్లలో విషయం అర్థమైపోతుంది. మొదటిసారి బటన్ నొక్కితే గీత మీద ఒక గుర్తు కదలడం మొదలవుతుంది. రెండోసారి నొక్కితే దెబ్బ బలం ఖరారవుతుంది. ఆ గుర్తు వెనక్కు వస్తూ మొదటి చోటును తాకే క్షణంలో మూడోసారి నొక్కితే బంతి నిటారుగా వెళ్తుంది, వెంట్రుకవాసి ముందో వెనకో అయితే పక్కకు వంగి చెట్లలోనో నీళ్లలోనో పడుతుంది. తర్వాతి దశాబ్దాల్లో వచ్చిన ఎన్నో గోల్ఫ్ వీడియో గేములు ఇదే పద్ధతిని పాటించాయి. తెరలో ఒక పక్క ఆటగాడు, మరో పక్క పైనుంచి చూసినట్టు గుంత వరకు మొత్తం బాట కనిపిస్తాయి. బంతి గుంత దగ్గరికి చేరాక ఆ పచ్చిక భాగాన్ని పెద్దది చేసి చూపిస్తారు. గాలి ఎటు వీస్తోందో, ఎంత వేగంతో వీస్తోందో తెర మీద ఉంటుంది, దాన్ని బట్టి కర్రను, దిశను మార్చుకోవాలి. ఆ నిర్ణయానికి గడువు లేదు, తొందరపెట్టేవారు లేరు. దెబ్బకూ దెబ్బకూ మధ్య దొరికే ఆ నిమ్మళం ఈ వరసలోని మరే ఆటలోనూ లేదు.

ఈ ఆట వెనకున్న పని గురించి కూడా చెప్పాలి. దీని ప్రోగ్రాము రాసినది హాల్ లేబొరేటరీ అనే సంస్థలో అప్పుడు యువకుడిగా ఉన్న సతోరు ఇవాటా. 18 గుంతల బాటలను అంత చిన్న కేసెట్‌లో పట్టించడం కుదరదని ఇతర సంస్థలు కాదన్నాక ఆ పని తన చేతికి వచ్చిందని, దత్తాంశాన్ని కుదించే పద్ధతిని తానే తయారుచేసుకుని పూర్తి చేశానని ఆయన తర్వాతి కాలంలో చెప్పారు. నేల ఎత్తుపల్లాలను గాఢంగా చూపలేకపోయినా, ఏ రెండు గుంతలూ ఒకేలా అనిపించకుండా చెట్లను, ఇసుక గుంటలను, నీళ్లను అమర్చిన తీరులో ఆ శ్రమ కనబడుతుంది. ఇవాటా 2002లో నింటెండో అధ్యక్షుడై, 2015 జులై 11న కన్నుమూశారు. 2017లో వచ్చిన నింటెండో స్విచ్ యంత్రం లోపల ఇదే గోల్ఫ్ ఆట దాగి ఉందని, యంత్రంలోని తేదీ జులై 11 అయి ఉండగా చేతిలోని రెండు కంట్రోలర్లను ఆయన తన ప్రసంగాల్లో చేసే సైగలా ముందుకు కదిపితే అది తెరుచుకుంటుందని ఆ ఏడాదే కొందరు గుర్తించారు. తర్వాతి సాఫ్ట్‌వేర్ మార్పుల్లో అది తొలగిపోయింది. ఒక ప్రోగ్రామర్ చేతిపనికి తోటివారు ఇచ్చిన ఇంతటి గౌరవం వీడియో గేముల చరిత్రలో నాకు మరొకటి గుర్తుకు రావడం లేదు.

గోల్ఫ్‌కు ఉన్న పరిమితి ఒక్కటే. ఇద్దరు ఆడవచ్చు, మొత్తం దెబ్బల లెక్క మీదా ఆడవచ్చు, గుంత గుంతకూ గెలుపోటములు తేల్చుకునే పద్ధతిలోనూ ఆడవచ్చు. కానీ ఒకరు ఆడుతుంటే మరొకరు చూస్తూ కూర్చోవాలి. ఎనిమిదేళ్ల పిల్లవాడికి అది పరీక్షే. పెద్దవాళ్లు ఇద్దరు టీ తాగుతూ, కబుర్లు చెప్పుకుంటూ ఆడుకోవడానికి మాత్రం ఇది చక్కగా కుదురుతుంది.

బేస్‌బాల్ విషయంలో నా అభిప్రాయం అంత సూటిగా ఉండదు. ఈ వరసలో ఇద్దరు ముఖాముఖి తలపడే తొలి ఆట ఇదే. క్రికెట్ తెలిసిన తెలుగు పాఠకులకు దీని సారం, అంటే బంతి వేసేవాడికీ బాదేవాడికీ మధ్య నడిచే ఎత్తుకు పైఎత్తు, ఒక్క ఇన్నింగ్స్‌లో ఒంటబడుతుంది. వేసే ముందు కింది బాణం నొక్కితే బంతి వేగంగా, పైది నొక్కితే నెమ్మదిగా వస్తుంది, పక్క బాణాలు నొక్కితే మెలి తిరుగుతుంది. వరసగా రెండు వేగమైన బంతులు వేసి మూడోది నెమ్మదిగా వదిలితే అవతలివాడు బంతి రాకముందే బ్యాట్ తిప్పేస్తాడు. మన సందుల్లో టెన్నిస్ బంతితో ఆడిన ప్రతివారికీ తెలిసిన ఎత్తే ఇది. అయితే నియమాల్లో రెండు తేడాలు ముందే గుర్తుపెట్టుకోవాలి. క్రికెట్‌లో బంతిని వెనక్కు తాకించి కూడా పరుగులు తీయవచ్చు, ఇక్కడ మాత్రం ముందున్న రెండు గీతల మధ్య పడితేనే అది చెల్లుతుంది. చెల్లే బంతి తగిలాక పరుగెత్తనని నిలబడే వీలు లేదు, మొదటి బేస్ వైపు, అంటే పరుగెత్తేవాడు వరసగా తాకాల్సిన గుర్తుల్లో మొదటిదాని వైపు, పరుగెత్తి తీరాలి.

ఇంత మంచి పోటీని చెడగొట్టేది ఫీల్డింగ్. బంతిని బాదాక ఫీల్డర్లను యంత్రమే కదుపుతుంది. బంతి మీ మనిషి పక్కనుంచి దొర్లుతూ పోతున్నా మీరు చేయగలిగింది ఏమీ ఉండదు. అతను దాన్ని అందుకున్నాక ఎక్కడికి విసరాలో చెప్పడం మాత్రమే మీ వంతు. ఆ విసిరే పద్ధతి నిజంగా చక్కనిది. తెర మీద మైదానం వజ్రాకారంలో ఉంటుంది కాబట్టి కుడి బాణం మొదటి బేస్‌కు, పైది రెండోదానికి, ఎడమది మూడోదానికి, కిందిది బాదేవాడు నిలబడే హోమ్‌కు. ఒకసారి చెబితే పిల్లలు మరచిపోరు. కానీ పోటాపోటీగా నడుస్తున్న ఆటలో యంత్రం ఆలస్యం వల్ల పరుగులు పోయినప్పుడు ఓడినవాడికి కలిగే బాధ న్యాయమైనదే. క్రికెట్‌లో బౌలింగే సగం ఆట అని నమ్మేవారు ఈ లోపాన్ని భరించి బేస్‌బాల్ ఎంచుకోవచ్చు. ఫీల్డింగ్ అంటే ప్రాణమిచ్చేవారు దీని జోలికి పోవద్దు.

సాకర్ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఏడు దేశాల జట్లు, సగం ఆటకు 15, 30 లేదా 45 నిమిషాల గడువు, విరామంలో చప్పట్లు కొట్టి నాట్యం చేసే బృందం, సమమైతే పెనాల్టీలు, ఇలా పైకి అన్నీ ఉన్నాయి. కానీ ఆటగాళ్లు బరువుగా కదులుతారు, బంతి అందజేయడం అనేది అనుకున్నట్టు జరగదు. దీనికి యంత్రం కూడా కొంత కారణం. తెర మీద ఒకే అడ్డగీతలో ఎనిమిదికి మించి కదిలే బొమ్మముక్కలను ఫామికామ్ గీయలేదు. ఒక్కొక్క మనిషి బొమ్మ వెడల్పుకే రెండు ముక్కలు పడితే నలుగురు ఒకే వరసలోకి వచ్చేసరికి ఆ హద్దు నిండిపోతుంది, ఆపైన బొమ్మలు మిణుకుమిణుకుమంటాయి. టెన్నిస్‌కూ గోల్ఫ్‌కూ ఈ ఇబ్బంది లేదు, ఎందుకంటే వాటిలో తెర మీద మనుషులే తక్కువ. గుంపుగా ఆడే క్రీడను అప్పటి యంత్రం మీద దింపడం ఎంత కష్టమో తెలుసుకోవాలనే ఆసక్తి ఉంటే ఒకసారి చూడండి, ఆడుకోవడానికి మాత్రం దీన్ని నేను సిఫారసు చేయను.

ఎక్సైట్‌బైక్‌ను క్రీడ అనవచ్చా అని కొందరికి సందేహం రావచ్చు. మట్టి బాట మీద మోటార్‌సైకిల్ పందెం కూడా క్రీడే, పైగా ఒంటరిగా ఆడేవారికి గోల్ఫ్ తర్వాత నేను చెప్పే పేరు ఇదే. నింటెండో ఆటల రూపకర్త షిగెరు మియమోటో రూపొందించిన ఈ ఆటలో ‘ఏ’ బటన్ మామూలు వేగానికి, ‘బి’ బటన్ అదనపు వేగానికి. బి బటన్‌ను పట్టుకునే ఉంటే ఇంజన్ వేడెక్కి బండి ఆగిపోతుంది, చల్లారేదాకా మీరు అంచున నిలబడి మిగతావారు దాటిపోవడం చూడాలి. బాట మీద అక్కడక్కడా ఉండే బాణం గుర్తుల మీదుగా వెళ్తే వేడి దిగిపోతుంది. ఎత్తు నుంచి ఎగిరినప్పుడు గాలిలో బండి ముక్కును లేపుతూ దించుతూ, రెండు చక్రాలూ వాలుకు సమానంగా తాకేలా దిగడం దీనిలోని అసలు కళ. బాటను మనమే గీసుకునే సౌకర్యం కూడా ఉంది, కానీ దాన్ని దాచుకోవాలంటే జపాన్‌లో మాత్రమే అమ్మిన టేపు రికార్డర్ కావాలి. కాబట్టి మన నకలు యంత్రాల మీద ఎంత శ్రమపడి గీసినా కరెంటు పోతే బాట కూడా పోయేది. ఇద్దరు కలిసి ఆడే వీలు అసలు ఆటలో లేదు.

నింటెండోది కాకపోయినా కొనామీ సంస్థ 1985లో ఫామికామ్‌కు తెచ్చిన హైపర్ ఒలింపిక్‌ను ఇక్కడ ప్రస్తావించక తప్పదు, ఎందుకంటే ‘బటన్లు విరిగేలా నొక్కే ఆట’ అని చాలామంది గుర్తుచేసుకునేది దీన్నే. 100 మీటర్ల పరుగు, లాంగ్ జంప్, 110 మీటర్ల హర్డిల్స్, జావెలిన్ ఉన్న ఈ ఆటలో ఎంత త్వరగా నొక్కితే అంత వేగం. ఇందుకోసం జపాన్‌లో హైపర్ షాట్ అనే పెద్ద బటన్ల కంట్రోలర్‌ను ప్రత్యేకంగా అమ్మారు. మన దగ్గర దొరికిన నకలు యంత్రాల కంట్రోలర్లలో పట్టుకుంటే చాలు దానంతట అదే పదేపదే నొక్కే టర్బో బటన్లు ఉండేవి. వాటితో ఈ ఆట ఆడితే క్రీడంతా ఆవిరైపోతుంది. ఇప్పుడు ఆడేవారు టర్బోను పక్కనపెట్టి, కంట్రోలర్‌ను బల్ల మీద ఆనించి చూపుడువేలు మధ్యవేలు మార్చిమార్చి నొక్కండి. నలుగురు చుట్టాలు ఇంటికి వచ్చిన సాయంత్రం దీనికి సాటి వచ్చే ఆట లేదు.

ఇక ఎంపిక. ఒక్కరే, తీరిక సమయంలో, రోజుకు కాసేపు ఆడతామంటే గోల్ఫ్, ఉత్సాహంగా వేళ్లు కదలాలంటే ఎక్సైట్‌బైక్. చిన్నపిల్లలతో కలిసి ఆడాలంటే టెన్నిస్, అందులోనూ రెండో స్థాయితో మొదలుపెట్టండి, మొదటి స్థాయి రెండు రోజుల్లో తేలికైపోతుంది. సమవయస్కులైన ఇద్దరు ఒకరినొకరు ఓడించుకోవాలంటే, నిజం చెప్పాలంటే, ఈ తొలి రెండేళ్ల ఆటల్లో సంతృప్తికరమైనది లేదు. బేస్‌బాల్ దగ్గరికి వస్తుంది కానీ నిలవదు. అలాంటివారు నాలుగేళ్లు ముందుకు జరిగి 1988లో నింటెండోనే తెచ్చిన ఐస్ హాకీని తీసుకోవాలి. అందులో గోల్‌కీపర్ కాక నలుగురు ఆటగాళ్లను సన్న, మధ్యస్థ, లావు శరీరాల నుంచి మీరే ఏరుకుంటారు. సన్నవాడు వేగంగా జారతాడు కానీ ఢీకొంటే పడిపోతాడు, లావుపాటివాడి దెబ్బ బలంగా ఉంటుంది కానీ కదలిక మందం. ఆట మొదలవకముందే ఈ కూర్పు దగ్గర వాదన మొదలవుతుంది. తొలి ఆటల్లో లేనిది, అంటే జట్టును కూర్చుకునే స్వేచ్ఛ, ఇక్కడ దొరికింది.

వీటిని ఇప్పుడు ఎక్కడ ఆడాలన్నది కూడా ఎంపికలో భాగమే. నింటెండో స్విచ్ ఉన్నవారికి, ముఖ్యంగా విదేశాల్లో ఉంటున్న మనవారికి, ఆ సంస్థ చందా సేవ సులువైన దారి. 2018 సెప్టెంబరులో ఆ సేవ మొదలైనప్పుడు ఇచ్చిన తొలి విడతలోనే టెన్నిస్, బేస్‌బాల్, సాకర్, ఎక్సైట్‌బైక్, ఐస్ హాకీ ఉన్నాయి. ఆటను మధ్యలో దాచుకునే సౌకర్యం కూడా అందులో ఉంది. పాత కేసెట్లు కొనాలనుకుంటే ఒక జాగ్రత్త తీసుకోవాలి. జపాన్ ఫామికామ్ కేసెట్‌కు 60 పిన్నులు, ఎన్‌ఈఎస్ కేసెట్‌కు 72. ఒకదానిది మరోదానిలో నేరుగా పట్టదు. మన దగ్గర దొరికిన నకలు యంత్రాలు ఎక్కువగా 60 పిన్నులవే. ఈ తొలి కేసెట్లలో స్కోరు దాచే బ్యాటరీ లేదు కాబట్టి కాలం గడిచినా అందులో చెడిపోయేది తక్కువ. పని చేయకపోతే మనం చిన్నప్పుడు చేసినట్టు నోటితో ఊదవద్దు, తేమ వల్ల పిన్నులు పాడవుతాయి. దూదిపుల్లకు కొద్దిగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడిచి, ఆరాక పెట్టండి.

చివరగా వేగం గురించి. జపాన్, అమెరికా టీవీలకు తయారైన అసలు ఆట సెకనుకు 60 చట్రాలు (ఫ్రేములు) నడుస్తుంది. మన దేశంలో వాడిన పాల్ అనే టీవీ పద్ధతికి తగ్గట్టు తయారైన యంత్రాల్లో అది 50కి తగ్గేది, అంటే ఆట ఆరింట అయిదు వంతుల వేగంతో సాగేది. అందుకే చిన్నప్పుడు గోల్ఫ్‌లో కళ్లు మూసుకుని మూడో నొక్కు సరిగ్గా నొక్కినవారు ఇప్పుడు 60 చట్రాలతో నడిచే అసలు ఆటలో వరసగా తప్పుతుంటారు. చేతివాటం పోయిందని దిగులుపడవలసిన పని లేదు, గుర్తు నిజంగానే అప్పటికంటే వేగంగా కదులుతోంది. దానికి తోడు కొత్త టీవీలు చిత్రాన్ని మెరుగుపరచడానికి తీసుకునే రెప్పపాటు ఆలస్యం కూడా కలుస్తుంది. టీవీ సెట్టింగ్స్‌లో గేమ్ మోడ్ పెట్టి, మొదటి గుంత దగ్గరే పది దెబ్బలు కొట్టి చేతిని కొత్త వేగానికి అలవాటు చేసుకుని, ఆ తర్వాత స్కోరు లెక్కపెట్టడం మొదలుపెట్టండి.